ఊరినది, పులిసినది: కృష్ణా దిగువ డెల్టా ఆహారంలో సజీవ సూక్ష్మజీవుల స్థానం

సారాంశం

పచ్చళ్లన్నీ పేగులకు మేలు చేసే సూక్ష్మజీవుల నిలయాలన్న అభిప్రాయం ఇటీవల విస్తరించింది. కృష్ణా దిగువ డెల్టా ఆహారంలోని ఊరగాయలు ప్రధానంగా ఉప్పు, పులుపు, నూనె, ఎండ ఆధారంగా నిల్వ ఉండేవే గాని, సూక్ష్మజీవులు పులియబెట్టినవి కావు. ఈ ప్రాంతపు సజీవ పులిసిన ఆహారం చద్దన్నం, తరవాణి, మజ్జిగలలో ఉన్నది. ఈ భేదాన్ని వివరించి, ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధన ఫలితాలను, ఉప్పు లెక్కను, డెల్టా వాతావరణంలో కూరగాయలను తక్కువ ఉప్పుతో పులియబెట్టే పద్ధతిని ఈ వ్యాసం చర్చిస్తుంది.

పరిచయం

కృష్ణా దిగువ డెల్టా రైతుకు సూక్ష్మజీవి కొత్త కాదు. గుడివాడ, మచిలీపట్నం, నాగాయలంక పరిసరాలలో చేపల, రొయ్యల చెరువులు సాగు చేసేవారిలో అనేకులు ‘ప్రోబయాటిక్’ అన్న మాటను వైద్యుని నోట వినడానికి ముందే చెరువు మందుల దుకాణంలో విన్నారు. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువులో చల్లడం వారికి అలవాటైన పని. ప్రకృతి వ్యవసాయం చేపట్టిన రైతు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం సిద్ధం చేస్తాడు. మాగాణి మినుము వేసే రైతుకు వేరు బుడిపెలలోని రైజోబియం సంగతి తెలుసు. ఏ సూక్ష్మజీవి ఉపకారి, ఏది అపకారి, దానికి ఏ మేత కావాలి, ఏ పరిస్థితిలో అది నశిస్తుంది అన్న ప్రశ్నలు పొలం వద్ద, చెరువు వద్ద నిత్యం ఎదురయ్యేవే.

అదే జ్ఞానం భోజనపు విస్తరి వద్దకు వచ్చేసరికి తడబడుతున్నది. ఆవకాయలో, గోంగూర పచ్చడిలో ఉపకారక బ్యాక్టీరియా సమృద్ధిగా ఉంటుందన్న నమ్మకంతో రక్తపోటు ఉన్నవారు సైతం పచ్చడి మోతాదును తగ్గించుకోవడం లేదు. మరోవైపు, నిజంగా సజీవ సూక్ష్మజీవులున్న చద్దన్నం, తరవాణి వంటివి ఉదయపు భోజనం నుంచి తొలగిపోతున్నాయి. ఉప్పు నీరు నేలలోనూ బావులలోనూ చేరిన దివిసీమ వంటి ప్రాంతంలో ఈ పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ఎక్కువ. కనుక రెండు క్రియలను విడదీసి చూడవలసి ఉన్నది.

ఊరడం వేరు, పులియడం వేరు

తెలుగు భాష ఈ భేదాన్ని ముందే గుర్తించింది. ఉప్పులో, కారంలో, నూనెలో నాని రసం పీల్చుకొన్నది ఊరుతుంది. కాలక్రమంలో తనంతట తానే పుల్లబడినది పులుస్తుంది. మామిడికాయ ఊరగాయ అయింది. పిండి, పెరుగు, అన్నం పులిశాయి. ఒకదాని మాట మరొకదానికి వాడినవారు లేరు.

శాస్త్రదృష్టితో చూసినా ఇదే భేదం కనిపిస్తుంది. పచ్చి మామిడికాయ కోసిననాడే తీవ్రమైన పులుపు గలది. దాని పీహెచ్ 3కు దగ్గరగా ఉంటుంది. ఆ పులుపు సిట్రిక్, మాలిక్ ఆమ్లాల వలన వచ్చినది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం ఉన్నాయి. గోంగూరకు కూడా ఆకులోనే పులుపు ఉన్నది. అంటే ఊరగాయలోని పులుపు చెట్టు ఇచ్చినది. పులిసిన క్యాబేజీలోని పులుపు సూక్ష్మజీవి ఇచ్చినది. క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్ వంటివాటిలో సహజమైన పులుపు లేదు. వాటిని నిల్వ చేయదలచిన కొరియా వాసులు కిమ్చీని, జర్మనీ వాసులు సవర్‌క్రౌట్‌ను, నేపాల్, సిక్కిం పర్వత ప్రాంతవాసులు గుండ్రుక్‌ను రూపొందించుకొన్నారు. పుల్లని కాయలు, మండే ఎండ, ఉప్పు, నువ్వుల నూనె అందుబాటులో ఉన్న తెలుగు తీరానికి కూరగాయలను పులియబెట్టే అవసరం అంతగా కలగలేదని భావించవచ్చు.

ఆవకాయలో సూక్ష్మజీవులు వృద్ధి చెందకుండా ఒకేసారి అనేక అడ్డుగోడలు నిలుస్తాయి. మామిడి ఆమ్లం మొదటిది. అధిక ఉప్పు రెండవది. నీటిని పట్టి ఉంచే పొడులు మూడవది. ఆవపిండి ఘాటుకు కారణమైన ఐసోథయోసయనేట్ సూక్ష్మజీవులను అణచివేస్తుంది. పైన తేలే నూనె గాలిని అడ్డుకొంటుంది. కూరగాయలను పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియాలో అధిక భాగం ఉప్పు 10 శాతం దాటినచోట పెరగలేవు. ఆవకాయ ఏడాది పొడవునా చెడకుండా ఉండడానికి కారణం దానిలో సూక్ష్మజీవులు పనిచేయడం కాదు, పనిచేయలేకపోవడం. నిల్వశాస్త్రంలో ఇది గొప్ప విజయమే. అయితే దానిని ప్రోబయాటిక్ ఆహారంగా లెక్కించడం తగదు.

పులిసేటప్పుడు జరిగేది

తాజా కూరగాయ ఉపరితలంపై అనేక జాతుల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో లాక్టిక్ బ్యాక్టీరియా వాటా అత్యల్పం. కూరగాయ ముక్కలకు వాటి బరువులో 2 నుంచి 2.5 శాతం ఉప్పు పట్టించి, గాలి సోకకుండా రసంలో ముంచి ఉంచినప్పుడు ఈ అల్పసంఖ్యాక వర్గం ఆధిక్యం సంపాదిస్తుంది. ఉప్పు కణాల నుంచి చక్కెరలతో కూడిన రసాన్ని బయటకు లాగుతుంది. ఆక్సిజన్ లేకపోవడం బూజులను, కుళ్లించే బ్యాక్టీరియాలో అనేకాన్ని నిరోధిస్తుంది.

మొదటి దశలో ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ చురుకుగా పెరిగి లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలతోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. తాను తయారుచేసిన ఆమ్లం పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియా వెనుకబడుతుంది. ఆమ్లాన్ని మరింతగా తట్టుకొనే లాక్టోబాసిల్లస్ ప్లాంటారం దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. 2020లో జరిగిన వర్గీకరణ మార్పు తరువాత దీనిని లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం అని వ్యవహరిస్తున్నారు. చివరకు పీహెచ్ 4 కంటె దిగువకు చేరుతుంది. పీహెచ్ 4.6 కంటె తక్కువైన ఆహారంలో బోటులినం బ్యాక్టీరియా విషాన్ని ఉత్పత్తి చేయలేదు. పులిసిన కూరగాయకు రక్షణ కల్పించేది ఈ ఆమ్లమే. ఉప్పు చేసే పని ఆ ఆమ్లం తయారయ్యేవరకు కాపు కాయడం మాత్రమే.

డెల్టా ఆహారంలో మూడు వర్గాలు

ఈ అవగాహనతో డెల్టా ఆహారాన్ని మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది, పులియకుండా నిల్వ ఉండేవి. ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ, పండుమిరప పచ్చళ్లు ప్రధానంగా ఈ వర్గానికి చెందుతాయి. రుచికి, ఆకలికి వీటి స్థానం వీటికి ఉన్నది. సజీవ సూక్ష్మజీవుల కోసం వీటిపై ఆధారపడరాదు.

రెండవది, పులిసినప్పటికీ వండడం వలన సూక్ష్మజీవులు నశించినవి. ఇడ్లీ, దోసె, చల్లమిరపకాయలు ఇందుకు ఉదాహరణలు. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న పైరులోనే మినుము విత్తనాలు చల్లి, మిగిలిన తేమతో పంట తీయడం అనుభవంలో ఉన్న పద్ధతి. ఆ మినుమే ఇడ్లీ పిండికి ప్రాణం. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ ప్రధానంగా పప్పుతోనే వస్తుంది. మినుములోని జిగురు పదార్థం, మాంసకృత్తులు వాయువును బుడగలుగా పట్టి ఉంచుతాయి. ఆవిరిపై ఉడికిన తరువాత ఈ బ్యాక్టీరియా జీవించి ఉండదు. అయినా అది చేసిన మేలు మిగులుతుంది. ఖనిజాలను బంధించి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, పప్పు సులభంగా జీర్ణమవుతుంది. చల్లమిరపకాయలు పుల్లని మజ్జిగలో రాత్రి నాని, పగలు ఎండి, చివరకు నూనెలో వేగుతాయి. వాటి విషయమూ ఇంతే.

మూడవది, పులిసి, సజీవంగానే తినబడేవి. రాత్రి అన్నంలో నీరు పోసి ఉంచిన చద్దన్నం, పులిసిన నీటిని కుండలో కొనసాగిస్తూ తయారుచేసే తరవాణి, పెరుగు, మజ్జిగ ఈ వర్గంలోనివి. పెద్దల మాట చద్దిమూట అన్న సామెత ఈ ఆహారానికి సమాజం ఇచ్చిన విలువను తెలుపుతుంది. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో జీర్ణం కాని రూపంలోకి మారి, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేతగా అందుతుంది. చద్దన్నం ఆ విధంగా విత్తనాన్నీ ఎరువునూ ఒకేసారి అందిస్తుంది.

చద్దన్నం గురించిన ఒక అతిశయోక్తిని ఇక్కడ సవరించవలసి ఉన్నది. రాత్రంతా నానిన అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందన్న ప్రచారం విస్తృతంగా వినిపిస్తున్నది. సూక్ష్మజీవి విటమిన్‌ను తయారు చేయగలదు, మూలకాన్ని తయారు చేయలేదు. కుండలో ఎంత ఇనుము ఉన్నదో తెల్లవారినా అంతే ఉంటుంది. అదనంగా ఏమైనా కనిపిస్తే అది నీటి నుంచో పాత్ర నుంచో చేరినదై ఉండాలి. ఫైటిక్ ఆమ్లం తగ్గినందువలన ఉన్న ఇనుమును శరీరం మెరుగుగా గ్రహించగలగడమే ఇక్కడ నిజమైన లాభం.

పేగులలోని సేద్యం

మానవ శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నట్లు 2016లో ప్రచురితమైన అంచనా తెలుపుతున్నది. ఇది శరీర కణాల సంఖ్యకు దాదాపు సమానం. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులో నివసిస్తుంది. జీర్ణం కాని పీచును ఇవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు బ్యూటిరేట్ ప్రధాన ఇంధనం. సేంద్రియ పదార్థం లేని నేలలో జీవన ఎరువులు నిలదొక్కుకోనట్లే, పీచులేని భోజనంతో పేగులలోని ఉపకారక జీవులు బలహీనపడతాయి. కనుక పులిసిన ఆహారం పప్పులకు, ఆకుకూరలకు, ముడి ధాన్యాలకు ప్రత్యామ్నాయం కాదు.

పులిసిన ఆహారపు ప్రభావాన్ని ప్రత్యక్షంగా పరీక్షించిన అధ్యయనాలలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానిది ముఖ్యమైనది. 2021లో వెలువడిన ఈ అధ్యయనంలో 36 మంది ఆరోగ్యవంతులు రెండు వర్గాలుగా 10 వారాలపాటు పీచు అధికంగా ఉన్న ఆహారాన్ని గాని, పులిసిన ఆహారాన్ని గాని తీసుకొన్నారు. పెరుగు, కెఫిర్, పులిసిన కూరగాయలు వంటివి తీసుకొన్నవారి పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. శరీరంలో వాపు ప్రక్రియను సూచించే 19 మాంసకృత్తుల స్థాయి తగ్గింది. పాల్గొన్నవారి సంఖ్య స్వల్పం గనుక దీనిని ఒక వ్యాధికి చికిత్సగా కాక, ఆహారం ద్వారా పేగుల జీవావరణాన్ని మార్చవచ్చుననడానికి ఆధారంగా గ్రహించాలి.

రెండవ ఆధారం పొరుగున ఉన్న ఒడిశా గ్రామాల నుంచి లభించింది. 2017లో నేచర్ పత్రికలో ప్రచురితమైన ఆ పరీక్షలో 4,556 మంది నవజాత శిశువులు పాల్గొన్నారు. ఒక వర్గానికి 7 రోజులపాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారంకు చెందిన ఎంపిక చేసిన ఒక వంశాన్ని, దానికి మేతగా ఫ్రక్టో ఆలిగోసాకరైడ్‌ను ఇచ్చారు. సెప్సిస్ సోకినవారు, మరణించినవారు కలిసి రెండవ వర్గంలో 9 శాతం కాగా, ఈ వర్గంలో 5.4 శాతం మాత్రమే. కూరగాయలను పులియబెట్టే జాతే ఇక్కడ పనిచేసింది. అయితే అది శుద్ధి చేసి, మోతాదు నిర్ణయించి, వైద్య పర్యవేక్షణలో ఇచ్చిన ప్రత్యేక వంశం. ఇంటి జాడీలోని రసం దానితో సమానం కాదు. శిశువులకు దానిని ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు.

తీరాంధ్రకు ఈ శాస్త్రంతో మరొక అనుబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబాన్ని స్ప్రూ అనే పేగుల వ్యాధి పీడించింది. పోషకాలు ఒంటబట్టనీయని ఆ వ్యాధితో ఆయనా బాధపడ్డారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధి చికిత్సలో ఉపకరించింది. ఆ పరిశోధనలో లాక్టోబాసిల్లస్ కేసీ అనే లాక్టిక్ బ్యాక్టీరియా కొలమానంగా నిలిచింది. ఫోలిక్ ఆమ్లం ఉన్నచోటనే అది పెరుగుతుంది గనుక, దాని పెరుగుదలను బట్టి ఆ విటమిన్‌ను కొలిచారు. పుల్లని పాలలోని జీవి ప్రాణరక్షక ఔషధానికి దారి చూపింది.

ఉప్పు లెక్క

దివిసీమ కృష్ణానది రెండు పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న భూమి. 1977 నవంబరు 19 నాటి తుపానులో వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెన పొలాలను, బావులను ఉప్పునీటితో ముంచివేసింది. కోడూరు, నాగాయలంక మండలాలలో నేటికీ భూగర్భజలపు ఉప్పదనం సాగుకూ తాగునీటికీ సమస్యగానే ఉన్నది. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పును తట్టుకొనే వరి రకాలను అందించింది. వరికి అటువంటి రకాన్ని రూపొందించవచ్చు. మనిషి మూత్రపిండానికి, రక్తనాళానికి అటువంటి రకం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి దేశంలో 15 ఏళ్లు పైబడిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం మంది అధిక రక్తపోటు గలవారు లేదా అందుకు మందు వాడుతున్నవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు ఉప్పు 5 గ్రాములకు లోపు ఉండాలి. పచ్చడిలో ఉప్పు 10 శాతమే అనుకొన్నా, రోజుకు 20 గ్రాముల పచ్చడితో 2 గ్రాముల ఉప్పు లోపలికి వెళుతుంది. రెండు పూటలా తింటే 4 గ్రాములు. కూరలోను, పప్పులోను, మజ్జిగలోను వేసేది దీనికి అదనం. 2.5 శాతం ఉప్పుతో పులిసిన కూరగాయ 30 గ్రాములు తింటే చేరే ఉప్పు 0.75 గ్రాము మాత్రమే. ఉప్పు వేయని చద్దన్నం, మజ్జిగలతో అదీ చేరదు.

డెల్టా వాతావరణానికి తగిన పద్ధతి

శీతల దేశాలలో క్యాబేజీ 18 నుంచి 22 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద వారాల తరబడి పులుస్తుంది. డెల్టా వేడిలో మొదటి దశ త్వరగా ముగిసి, ముక్క మెత్తబడే ప్రమాదం ఉన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనుకూలమైన కాలం. లంక భూములలోని కూరగాయలు చేతికి వచ్చేదీ అప్పుడే. క్యారెట్, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, గోరుచిక్కుడు, పచ్చిమిర్చి ఇందుకు తగినవి.

1. పురుగుమందు వాడిన తరువాత పాటించవలసిన గడువు ముగిసిన తాజా కూరగాయలను ఎంచుకోవాలి. దెబ్బతిన్నవాటిని తీసివేసి, మంచినీటితో బాగా కడగాలి.

2. ముక్కలను తూచి, కిలోకు 25 గ్రాముల ఉప్పు తూచి కలపాలి. చేతి కొలత పనికిరాదు. క్యాబేజీ వంటివాటిని రసం ఊరేవరకు పిసకాలి.

3. రసం చాలని ముక్కలకు నీరు పోయవలసి వస్తే, ఆ నీటి బరువునూ కలుపుకొని 2.5 శాతం లెక్కించాలి. ఉప్పదనం ఉన్న బోరు నీరు వాడితే ఈ లెక్క తప్పుతుంది. శుద్ధి చేసిన నీరు లేదా కాచి చల్లార్చిన మంచినీరు వాడాలి.

4. గాజు సీసాలో గాని, పింగాణీ జాడీలో గాని నింపి, ముక్కలు రసంలో పూర్తిగా మునిగేలా శుభ్రమైన బరువు ఉంచాలి. వాయువు వెలుపలికి పోయేందుకు మూతను వదులుగా పెట్టాలి.

5. నీడలో 3 నుంచి 5 రోజులు ఉంచాలి. బుడగలు రావడం, రసం మసకబారడం, శుభ్రమైన పుల్లని వాసన సహజ లక్షణాలు. పీహెచ్ కాగితంతో చూసి 4 లేదా అంతకంటె తక్కువ ఉన్నట్లు నిర్ధారించుకొని శీతలపెట్టెలో ఉంచాలి.

6. సజీవ సూక్ష్మజీవులు కావలసినప్పుడు పోపు పెట్టరాదు, ఉడికించరాదు. పోపు కావాలంటే విడిగా వేయించి, చల్లారిన తరువాత కలపాలి.

జాగ్రత్తలు

రంగు బూజు పట్టినా, ముక్కలు జిగురుగా మారినా, కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారవేయాలి. పై పొర తీసి మిగిలినది తినడం క్షేమం కాదు. చద్దన్నం విషయంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాను గుర్తుంచుకోవాలి. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అది వదిలే వాంతికారక విషం తిరిగి వేడిచేసినా పోదు. అందుచేత అన్నాన్ని గంటల తరబడి పొడిగా వదలివేయకుండా, చల్లారిన వెంటనే మంచినీరు పోసి, ఒక చెంచా తాజా మజ్జిగ గాని, ముందురోజు తరవాణి గాని చేర్చాలి. ఆమ్లం త్వరగా ఏర్పడి హానికారక జీవులను అణచివేస్తుంది. వేసవిలో 8 గంటలకు, చలికాలంలో 12 గంటలకు మించి బయట ఉంచరాదు.

రోగనిరోధక శక్తి క్షీణించినవారు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు వైద్యుని సంప్రదించిన తరువాతనే పులిసిన కూరగాయలను తీసుకోవాలి. కొత్తగా ప్రారంభించేవారు రెండు చెంచాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవడం మంచిది. రక్తపోటుకు వాడుతున్న మందులను ఆహారం మార్చినందున మానరాదు.

ముగింపు

కృష్ణా దిగువ డెల్టా కుటుంబం విదేశీ పులిసిన ఆహారాన్ని కొని తినవలసిన అవసరం లేదు. ఉదయం చద్దన్నం, మధ్యాహ్నం పలుచని మజ్జిగ, చలికాలంలో కొద్దిపాటి పులిసిన కూరగాయలు, వీటన్నిటికీ తోడుగా పప్పు, ఆకుకూరలు ఉంటే పేగులలోని సేద్యానికి కావలసినది సమకూరుతుంది. ఆవకాయను విస్తరి నుంచి తొలగించనక్కరలేదు. దానిని ఔషధంగా భావించి అధికంగా వడ్డించడం మాత్రమే మానుకోవాలి. గృహవిజ్ఞాన శాస్త్రవేత్తలు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు పచ్చడి గురించి మాట్లాడేటప్పుడు మొదట ఉప్పును తూచి చూపడం ప్రయోజనకరం. చెరువులో ఎంత మందు చల్లాలో లెక్కకట్టే రైతుకు, తన కంచంలోని ఉప్పును లెక్కకట్టడం కష్టమైన పని కాదు.